పిక్నిక్ పెద్ద గ్రిల్: కాలిన వైర్ల పని, ఎవరు ఎప్పుడు

సామాన్ల బాధ్యత చూస్తున్నది నేనే కాబట్టి మొదలుపెడుతున్నాను

అందరికీ నమస్కారం. శనివారం పిక్నిక్‌కి మన పెద్ద గ్రిల్ ఇంకా సిద్ధంగా లేదు. పోయినసారి వంట సగంలో ఉండగా నాబ్‌ల వెనక నుంచి మంట వచ్చింది, గుర్తుందిగా. సిలిండర్ పక్కనే ఉన్న తమ్ముడు వెంటనే వాల్వ్ కట్టేశాడు కాబట్టి ఆరిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు అక్కడికి రెండడుగుల దూరంలోనే ఆడుకుంటున్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

నిన్న సాయంత్రం ముందు ప్యానెల్ విప్పాను. సిలిండర్ విడదీసి దూరంగా పెట్టి, ఇగ్నిషన్ బ్యాటరీ తీసి, లైట్ల ప్లగ్ పీకాకే స్క్రూల మీద చెయ్యి వేశాను. ఎడమ నుంచి రెండో వాల్వ్ చుట్టూ నల్లగా మసి. దాని మీదుగా పోయే మూడు వైర్ల తొడుగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒకచోట రాగి తీగ బయటపడింది, వేలితో కాస్త వంచితే పుటుక్కున తెగింది. రెండు వైర్లు నాబ్ లైట్లవి, మూడోది స్పార్క్ మాడ్యూల్ (బటన్ నొక్కితే నిప్పురవ్వ పుట్టించే చిన్న డబ్బా) నుంచి బర్నర్‌కి వెళ్లేది.

వాట్సాప్‌లో ఇద్దరు ముగ్గురు "వైరే కదా, టేప్ చుట్టేద్దాం" అన్నారు. దయచేసి అలా అనుకోవద్దు. వైరు కాలి మంట రాలేదు, మంట వచ్చి వైరు కాలింది. ఆ బర్నర్ గొట్టాన్ని బయటికి లాగి టార్చ్ వేసి చూస్తే, గ్యాస్‌తో గాలి కలిసే మూతి దగ్గర సాలెగూడు, దూది కూరినట్టు గట్టిగా ఉంది. చలికాలమంతా గ్రిల్ కవర్ కిందే ఉండిపోయింది కదా, సాలీళ్లకి అది మంచి చోటు. ముందుకెళ్లే దారి మూసుకుపోయి గ్యాస్ వెనక్కి తన్నింది, ప్యానెల్ లోపలే అంటుకుంది. గూడు తీయకుండా కొత్త వైర్లు వేస్తే శనివారం మళ్లీ అవే కాలతాయి.

మిగతా బర్నర్లన్నీ కూడా విప్పి, సన్నని బ్రష్‌తో ఆ మూతి నుంచి చివరిదాకా తుడవాలి. కింద జిడ్డు ట్రే కూడా నిండుగా ఉంది, దాన్ని గీకి కడగాలి. ఈ పనికి బుధవారం సాయంత్రం ఇద్దరు కావాలి.

వంట టీమ్ నుంచి

తమ్ముడూ, బుధవారం నేనూ మా ఆయనా వస్తాం. ఒక సందేహం. స్పార్క్ పనిచేయకపోతే పొడుగు లైటర్‌తో వెలిగించుకోవచ్చు కదా, ఆ వైరు కోసం ఇంత టెన్షన్ ఎందుకు?

సామాన్లు

వెలిగించుకోవచ్చు అక్కా, శుభ్రం చేసిన గ్రిల్ అయితే. మూత పూర్తిగా తెరిచి, లైటర్ మంట బర్నర్ దగ్గర పెట్టాకే నాబ్ తిప్పాలి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. సిలిండర్‌లోని ప్రొపేన్ గ్యాస్ గాలికంటే బరువు, పైకి పోదు, అడుగున పేరుకుంటుంది. జనం తొందరపెడుతున్నప్పుడు ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఆగరు, నా భయం అదే. ఇంకోటి, తొడుగు పోయిన స్పార్క్ వైరు వదిలేస్తే నిప్పురవ్వ బర్నర్ దగ్గర కాకుండా ప్యానెల్ లోపలి రేకు మీదికి దూకుతుంది. వాడకపోయినా దాన్ని అలా ఉంచకూడదు.

ఎలక్ట్రికల్ పనిచేసిన పెద్దాయన

బాబూ, వైర్ల సంగతి నాకు వదిలెయ్. మామూలు పీవీసీ వైరు అక్కడ వేయకూడదు, ఆ తొడుగులు 70 నుంచి 105 డిగ్రీల దాకానే. లైట్లకి 200 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ వైరు తెస్తాను, పైన ఫైబర్‌గ్లాస్ గొట్టం తొడుగుదాం. టంకం పెట్టవద్దు, మామూలు తగరం సీసం టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. వైరు చివర్లకి వేడికి ఆగే టెర్మినల్స్ వేసి క్రింప్ చేస్తాను, అంటే పనిముట్టుతో గట్టిగా నొక్కి బిగిస్తాను. స్పార్క్ వైరులో వేల వోల్టులు ఉంటాయి కాబట్టి దాన్ని అతుకు వేసి బాగుచేయడం కుదరదు, రవ్వ వచ్చే పింగాణీ ఎలక్ట్రోడ్‌తో కలిపి ఆ మోడల్‌కి వచ్చేదే కొనాలి. పాత పింగాణీకి వెంట్రుక మందం పగులున్నా పనికిరాదు. వైర్లు ఊడదీసే ముందు ఏది ఎక్కడికి వెళ్తోందో ఫోటోలు తీశావా? రేకులో వైరు దూరే రంధ్రానికి ఉండే రబ్బరు రింగు కూడా కాలి ఉంటుంది, చూడు. అది లేకపోతే రేకు అంచు కొత్త తొడుగును కోసేస్తుంది.

సామాన్లు

ఫోటోలు తీశాను అంకుల్. రింగు నిజంగానే కరిగిపోయింది, అది నేను గమనించలేదు. చాలా థాంక్స్.

మంటలో మాడిన ఆ వాల్వ్, దానికి దగ్గరగా ఉన్న గ్యాస్ గొట్టం మనవాళ్లెవరూ విప్పవద్దు. వాల్వ్ లోపలి గ్రీజు, సీళ్లు వేడికి పోయి ఉండొచ్చు, బయటికి తెలియదు. లైసెన్స్ ఉన్న గ్యాస్ టెక్నీషియన్ గురువారం వచ్చి రెండూ మారుస్తారు. కోశాధికారి గారూ, ఈ ఖర్చుకి అనుమతి ఇవ్వండి, ఇందులో పొదుపు చేయలేం.

కోశాధికారి

ఇచ్చాను. బిల్లు నాకు పంపండి.

సామాన్లు

శుక్రవారం సాయంత్రం ఆరింటికి మా గ్యారేజ్ బయట పరీక్ష. ముందు నాబ్‌లన్నీ కట్టేసి సిలిండర్ తెరిచి, ప్రతి జాయింట్‌కీ సబ్బునీళ్లు పూస్తాం. ఎక్కడ బుడగ లేచినా గ్రిల్ పిక్నిక్‌కి రాదు. చీకటి పడ్డాక సిలిండర్ మళ్లీ కట్టేసి స్పార్క్ బటన్ నొక్కి చూద్దాం. రవ్వ ఎక్కడ పడుతోందో చీకట్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాతే బర్నర్లు వెలిగించి, పావుగంట ఆగి, ప్యానెల్ వెనక మళ్లీ చూస్తాం.

శనివారం గ్రిల్ చుట్టూ తాడు కట్టడానికి ఇద్దరు, సిలిండర్ దగ్గర గంటకొకరు చొప్పున నిలబడటానికి నలుగురు కావాలి. జిడ్డు మంట వస్తే నీళ్లు పోయకూడదని వాళ్లకి ముందే చెప్పాలి. ఆర్పే డ్రై పౌడర్ సిలిండర్ మన దగ్గర ఒకటే ఉంది, ఇంట్లో ఇంకోటి ఉన్నవాళ్లు తెండి. శుక్రవారం పరీక్షలో గ్రిల్ నిలబడకపోతే చిన్న గ్రిల్‌తోనే వండుతాం, భోజనం రెండు విడతలుగా పెట్టుకుందాం. వంట టీమ్, అలా కుదురుతుందో లేదో రేపటికల్లా చెప్పండి.