పాత సర్కారు కట్టడాల మరమ్మతుకు టెండరు చాలునా, సొంత మేస్త్రి ఉండాలా?

బడిపంతులమ్మ:
మా ఉన్నత పాఠశాల పాత భవనం గానుగలో నూరిన సున్నంతో కట్టినది. కప్పు మద్రాసు మిద్దె: టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరచి, దిమ్మిసలతో కొట్టి గట్టిపరచిన కప్పు. నేను చేరిన నాటికి అది కారేది కాదు. నాలుగేళ్ళ క్రితం ఒక మూల తడి కనిపించిందని టెండరు పిలిచి, మిద్దె పైన సిమెంటు పూత, లోపలి గోడలకు సిమెంటు గిలాబు చేయించారు. రెండో వానాకాలానికల్లా గోడల అడుగున మూడడుగుల ఎత్తు వరకు ఉప్పు పూసి, గిలాబు పెళ్ళలుగా ఊడి, లోపలి ఇటుక పొడిగా రాలడం మొదలైంది. ఇప్పుడు మళ్ళీ టెండరు పిలుస్తామంటున్నారు. ఇలాంటి భవనాలకు మండలానికి ఒకరిద్దరు నేర్పరులైన మేస్త్రీలను శాశ్వతంగా పెట్టుకోవడం మేలా, పాడైనప్పుడల్లా టెండరు పిలవడం మేలా? తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత ఏఈ:
టీచరు గారూ, నేను భవనాల పనుల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా పదవీ విరమణ చేశాను. మీ వివరణ చదివినవారు సిమెంటే దోషి అనుకుంటారు గనుక ముందు ఆ మాట సరిచేయాలి. గోడ అడుగున మూడడుగుల వరకు ఉప్పు పూసిందంటే తేమ నేల నుంచి ఎక్కుతోందని అర్థం; దానికి మిద్దె పూతతో సంబంధం లేదు. గోడ చుట్టూ నీరు నిలుస్తోందా, మిద్దెకు నీరు జారే వాటం సరిగా ఉందా, తూములు మూసుకుపోయాయా అన్నవి మీరు రాయలేదు. ఇక టెండరు విషయం. ఎస్టిమేటు ఉంటుంది, చేసిన పని కొలతలు ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కుతాయి, పని చెడితే నిర్ణీత కాలం వరకు కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. నెలజీతపు మేస్త్రి మీద ఇలాంటి బాధ్యత ఏదీ ఉండదు. ఏడాదిలో పది నెలలు అతనికి పని ఏమి చూపిస్తారు?

తాపీ ఇంటివాడు:
అయ్యా, తేమ నేల నుంచి ఎక్కుతుందన్న మాట నిజమే. అయితే ఆ తేమ వందేళ్ళుగా ఎక్కుతూనే ఉంది. సున్నపు గోడ దానిని ఎప్పటికప్పుడు బయటికి వదిలేసేది. డంగు సున్నం, అంటే ఆ గానుగ సున్నమే, గాలి ఆడనిస్తుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నిదానంగా గట్టిపడుతుంది, వెంట్రుక మందాన పగులు వస్తే చాలాసార్లు తనంతట తానే పూడ్చుకుంటుంది. దాని మీద సిమెంటు కప్పితే తేమకు దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు లోపలే గడ్డకడుతుంది, మెత్తని పాత ఇటుక పగులుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనుల్లో గుమ్మటాల మీద గత శతాబ్దంలో వేసిన సిమెంటును ముందుగా చెక్కి తీసి, ఆ తరువాతే సున్నం పూశారు. సిమెంటు చెడ్డదని నేను అనడం లేదు. ఆ గోడకు అది పనికిరాదు. ఆ సంగతి సున్నం చేతితో పట్టినవానికి తెలుస్తుంది, తక్కువ ధరకు కోట్ చేసినవానికి తెలియదు.

పాతబస్తీ నివాసి:
2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెళ్ళ ఊడి పడింది కదా. అది సున్నపు పనే. సున్నం కూడా రాలుతుంది.

విశ్రాంత ఏఈ:
నేను చెప్పదలచుకున్నది ఇదే. ఏ పదార్థమైనా నీరు నిలిస్తే చెడుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల ఉదాహరణ ఇక్కడ సరిపోదు. అక్కడ దాతల నిధులున్నాయి, నిపుణుల పర్యవేక్షణ ఉంది, పని పదేళ్ళకు పైగా సాగింది. మండల కేంద్రంలో ఒక బడికి వేసవి సెలవుల్లో, ఇచ్చిన డబ్బుతో పని ముగించాలి. సున్నం నానాలి, గానుగ ఆడాలి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలపాలి, పూసిన తరువాత వారాల తరబడి తడుపుతూ ఉండాలి. జూన్‌లో పిల్లలు వస్తారు. నా మొదటి ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు: మిద్దె వాటం ఎంత, తూములు తెరిచి ఉన్నాయా?

కృష్ణా తీరం:
ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన, సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకంలో పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. తరువాత మరుగుదొడ్ల నిర్వహణకని, పిల్లల చదువుకు తల్లులకు ఇచ్చే అమ్మఒడి సొమ్ములో వెయ్యి రూపాయలు మినహాయించారు. కట్టడానికి ఒక పద్దు, కాపాడటానికి ఇంకో పద్దు ఉండాలని అక్కడ అర్థం చేసుకున్నారు.

బడిపంతులమ్మ:
ఏఈ గారూ, తూముల గురించి మీరు రెండుసార్లు అడిగారు గనుక మొన్న అటెండరుతో కలిసి మిద్దె ఎక్కి చూశాను. ఆరు తూములలో నాలుగు ఆకులతో, మట్టితో పూడిపోయాయి. ఒకదాని పక్కన పిట్టగోడలో మోచేతి పొడవు రావి మొక్క ఉంది. నాకు గుర్తున్నంతవరకు, మునుపు మృగశిర కార్తెకు ముందు ఒక పెద్దాయన వచ్చి రెండు రోజులు మిద్దె మీదే ఉండేవారు. తూములు తీసేవారు, పగుళ్ళలో సున్నం కూరేవారు, మొలిచిన మొక్కలను వేళ్ళతో సహా తీసేవారు. ఆయన రావడం మానేశాక ఆ పనికి మరొకరిని పంపలేదు. అడిగితే, ఆ పనికి పద్దు లేదన్నారు.

విశ్రాంత ఏఈ:
అయితే కారణం దొరికింది. తప్పు సిమెంటుది కాదు, తూములది.

తాపీ ఇంటివాడు:
అయ్యా, మీరు తూము దగ్గరే ఆగిపోయారు. ఆ తూము తీసే మనిషి ఏమయ్యాడని అడగడం లేదు. నేను చెబుతాను, ఎందుకంటే మా నాన్న అలాంటి మనిషే. 1989 ఫిబ్రవరిలో ఒక కార్యాలయంలో మస్టరు రోల్ మీద, అంటే రోజుకూలీల హాజరు పట్టీ మీద, చేరారు. 1994లో 212 నంబరు జీవో వచ్చినప్పుడు 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండినవారినే క్రమబద్ధీకరించాలన్నారు. మా నాన్నకు రెండు నెలల పైచిలుకు తక్కువయ్యాయి. ఆ తరువాత కూడా తొమ్మిదేళ్ళు పనిచేయించుకొని, ఒకనాడు ఇక రానక్కరలేదన్నారు. అన్నేళ్ళ మస్టరులోనూ ఆయన పేరు పక్కన ‘మజ్దూరు’ అనే రాశారు. వేలితో కొట్టి గోడ లోపలి గుల్లను కనిపెట్టే మనిషి, సున్నం వాసన చూసి ఎన్నాళ్ళు నానిందో చెప్పే మనిషి, కాగితం మీద మట్టి మోసే కూలీ.

విశ్రాంత ఏఈ:
తమ్ముడూ, మీ నాన్నగారికి జరిగినది బాధాకరం, కాదనను. కానీ ఒక కుటుంబం బాధను ఆధారం చేసుకొని రాష్ట్రమంతటికీ విధానం చెప్పలేము. బాధతో మిద్దె నిలవదు.

తాపీ ఇంటివాడు:
నిలిచింది! ఆయన ఉన్నన్నాళ్ళు ఆ కార్యాలయంలో ఒక్క గది కారలేదు. ఆయనను పంపేశాక మూడుసార్లు టెండరు పిలిచారు, మూడుసార్లూ ఎం-బుక్కు నిండింది, మిద్దె మాత్రం కారుతూనే ఉంది. ఆ పుస్తకాల్లో సంతకాలు మీలాంటి ఇంజనీర్లవే. మా నాన్న మాట విన్నవారు ఒక్కరూ లేరు.

నిర్వాహకుడు:
ఇద్దరినీ కోరుతున్నాను, వ్యక్తిగత నిందలు వద్దు.

నర్సు అక్క:
నేను ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలో పనిచేశాను. 1925లో పూర్తయిన ఆ కట్టడంలోకి 2020 జులైలో వాననీరు, మురుగునీరు వచ్చి వార్డులు నిండాయి, రోగులను తరలించారు. ఆ నీటిలో నిలబడి పనిచేసినవాళ్ళం. కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. కొత్తది రావాలి, రోగులకు అది అవసరం. అయితే ఆ కొత్త భవనం తూములు తీసే మనిషిని కూడా ఇప్పుడే నియమించాలని నా కోరిక.

విశ్రాంత ఏఈ:
నిన్నటి మాటకు రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక పాత కార్యాలయ భవనానికి ఒక మేస్త్రిని పదకొండు రోజులు పెట్టాను. అతడు తూములు తీశాడు, మొక్కలు తీశాడు, పగుళ్ళు పూడ్చాడు. ఆ వానాకాలం భవనం కారలేదు. ఆడిటులో అడిగారు: ఈ పదకొండు రోజుల కూలికి కొలిచి చూపించే పని ఎంత? ఎన్ని ఘనపు మీటర్లు, ఎన్ని చదరపు మీటర్లు? చూపించలేకపోయాను. నాకు మెమో ఇచ్చి, ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆ తరువాత కొలతకు అందని పనికి నేను ఎన్నడూ డబ్బు చెల్లించలేదు. పూత వేయిస్తే కొలవవచ్చు గనుక పూతే వేయించాను. అందులో కొన్ని వేయకూడని పూతలు కూడా ఉన్నాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తాపీ ఇంటివాడు:
అయ్యా, ఈ మాట మొదటే చెప్పి ఉంటే మనం సున్నం, సిమెంటు అని ఇంతసేపు పోట్లాడుకునేవాళ్ళం కాదు. నిన్న నేను తొందరపడ్డాను, మన్నించండి. మరమ్మతు సరిగా చేసినచోట కొలవడానికి ఏమీ మిగలదు. కారని గది మాత్రమే మిగులుతుంది. దానికి జీతం ఇవ్వాలంటే మేస్త్రి చూపు మీద, అతని మాట మీద నమ్మకం ఉంచాలి. మీ పద్ధతిలో ఆ నమ్మకానికి చోటు లేదు.

విశ్రాంత ఏఈ:
నమ్మకం ఉంచమంటే, ఎవరి మీద? నేను చూసిన మస్టరు రోళ్ళలో రాని మనుషుల పేర్లు కూడా ఉండేవి. మీ నాన్నగారు నిజాయితీపరులు. ప్రతి మండలంలో అలాంటివారే దొరుకుతారని మీరు హామీ ఇవ్వలేరు. ప్రజాధనానికి లెక్క ఉండాలన్న మాటను నేను వదులుకోను. ప్రతి భవనానికి ఒక పుస్తకం పెట్టి, కార్తె వారీగా మేస్త్రి చూసినది, చేసినది రాసి, ప్రధానోపాధ్యాయులు సంతకం చేసే పద్ధతి అయితే ఆలోచిస్తాను.

తాపీ ఇంటివాడు:
పుస్తకం పెట్టండి, అభ్యంతరం లేదు. అందులో ‘మజ్దూరు’ అని మాత్రం రాయకూడదు. మేస్త్రి జీతం మేస్త్రికి ఇవ్వాలి. సంతకం కూడా అతనిదే ముందు ఉండాలి.

విశ్రాంత ఏఈ:
సంతకం విషయంలో నేను అంగీకరించను. బాధ్యత ఎవరిదో వారి సంతకమే ముందుండాలి.

బడిపంతులమ్మ:
మీరిద్దరూ అది తేల్చుకొనేలోగా మృగశిర వచ్చేస్తుంది. ఆ రావి మొక్కను అటెండరు చేత పీకించమంటారా?

తాపీ ఇంటివాడు:
వద్దమ్మా, పీకితే వేరుతో పాటు పిట్టగోడ సున్నమంతా ఊడి వస్తుంది. చుట్టూ ఉన్న అతుకులు విప్పి, వేరు చివరిదాకా తీసి, మళ్ళీ సున్నంతోనే పూడ్చాలి. మీరు ఏ జిల్లాలో ఉన్నారో విడిగా సందేశం పంపండి. నాన్న మిద్దెలు ఎక్కలేరు, కింద కుర్చీ వేస్తే కూర్చొని చెబుతారు, నేను ఎక్కి చేస్తాను.

విశ్రాంత ఏఈ:
టీచరు గారూ, ముందు ఆ నాలుగు తూములు తీయించండి. చేసిన పని, తేదీ, మనుషుల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి.