అప్‌డేట్: కోవిడ్ ఆంక్షల్లో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న అమ్మను చూడనిచ్చారు

అమ్మ ఆస్పత్రిలో తిండి మానేసింది, లోపలికి రానివ్వడం లేదు, ఏం చేయాలని కిందటి నెల అడిగాను. బదులిచ్చినవారందరికీ కృతజ్ఞతలు. ఫలించిన సలహా ఒక్కటే: సందర్శకురాలిగా కాక, తినిపించే సంరక్షకురాలిగా అనుమతి కావాలని వార్డు డాక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వడం. ఒక్కరికే, రోజుకు గంట అనుమతిచ్చారు.

వీడియో కాల్ దండగ. నా గొంతు వినిపిస్తే పాపం తలుపు వైపు చూసేది. అమ్మకు మతి చలించింది మందు మోతాదు వల్లేనని నేను చేసిన రభసా అనవసరమే. అలా ఉన్నట్టుండి మతి చలించడాన్ని డెలీరియం అంటారట, కారణం మూత్రంలో ఇన్ఫెక్షన్. అది తగ్గాక చాలావరకు తేరుకుంది.

మాస్కుతో నన్నూ నర్సే అనుకుంది. వినికిడి యంత్రం చూస్తే సొరుగులో, డబ్బాలోనే ఉంది! చెవికి పెట్టి పిలిచాను. "ఎందుకే అలా అరుస్తావు?" అంది.