సమస్యాపూరణం: “దీప మార్ప నింట దివ్వె వెలిఁగె”

నిర్వాహకుడు, నెల్లూరు:

ఈ వారం సమస్య ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం. పై మూడు పాదాలూ రాసి, వింతగా ఉన్న ఈ మాటకు అర్థం కుదర్చాలి.

*దీప మార్ప నింట దివ్వె వెలిఁగె*

సందర్భం: ముసురు పట్టిన పండగ రోజుల్లో కొత్త ఇంట్లో కుదురుకోవడం. నెల్లూరు, ప్రకాశం వాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. మిగతా చోట్ల వానలు వెనకబట్టే వేళకు మనకు ఈశాన్య ఋతుపవనాలు మొదలవుతాయి. దీపావళి, నాగుల చవితి, కార్తీక పౌర్ణమి చాలా ఏళ్లు ఆ ముసురులోనే గడిచిపోతాయి. ధనుర్మాసం వస్తే గృహప్రవేశాలు ఆగిపోతాయి గనుక, సున్నం తడి ఆరకపోయినా ఈలోపే పాలు పొంగించేస్తాం. మేమూ అలాగే దిగాం. తలుపులు ఉబ్బి గడియ పడటం లేదు. మావిడాకుల తోరణం నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు కారుతున్నాయి. పిల్లలు తెచ్చుకున్న మతాబులు బియ్యం డబ్బా మీద ఆరబెట్టుకుని కూర్చున్నారు. ఈ సమస్య ఆ దిగులులోంచే వచ్చింది.

బేసి పాదాలకు మూడు సూర్యగణాలు (మూడు మాత్రల అక్షర గుంపులు), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). సరి పాదాలకు ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి; దానికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది. పదాలు విరిచి తప్పించుకోవడం కన్నా, ఇంట్లో నిజంగా జరిగేదానితో చిక్కు విడిపోతే నాకు ఎక్కువ ఇష్టం.

ఒంగోలు మాస్టారు:

కొత్తింట్లో దీపం ఆర్పడమేంది నాయనా! మా ఇంట్లో ఈ పాదం పైకి చదివితే ఆడవాళ్లు ఊరుకోరు.

నిర్వాహకుడు:

అందుకే ఇచ్చాను మాస్టారూ. ఆ అశుభాన్ని శుభం చేసే పని పూరించేవాళ్లది.

కావలి కోడలు:

*వాన హోరు నడుమ వాకిలి తట్టుచుఁ*
*బక్క యింటి యవ్వ పట్టి తెచ్చెఁ*
*గొంగు చాటునున్న కుందిని, గాలి మా*
*దీప మార్ప నింట దివ్వె వెలిఁగె.*

ఇది మా ఇంట్లో జరిగిందే. దిగిన రోజు సాయంత్రం కరెంటు పోయింది. మేం పెట్టుకున్న దీపాన్ని గాలి ఆర్పేసింది. అగ్గిపెట్టె ఏ సంచిలో ఉందో తెలియదు. అప్పటిదాకా ఆ అవ్వ పేరు కూడా మాకు తెలియదు.

ఒంగోలు మాస్టారు:

బాగుందమ్మా. ఒక్క అనుమానం: కొంగు చాటున తెచ్చేది ప్రమిద గదా, కుంది ఎట్లా తెస్తుంది?

కావలి కోడలు:

దేవుడి గూట్లో పెట్టే చిన్న ఇత్తడి కుంది మాస్టారూ, జానెడు కూడా ఉండదు. ఒక చేత్తో కుంది, ఇంకో చేత్తో కొంగు అడ్డం పట్టుకుని వచ్చింది. ప్రమిద అంటే యతి కూడా పోతుంది.

నిర్వాహకుడు:

కుంది ఉండనివ్వండి. “గాలి మా” అని మూడో పాదం చివర ఆపి, నాలుగో పాదంలోకి దూకించడం చాలా బాగుంది. దీపం ఆరినప్పుడు మనసు జారినట్టే పాదమూ జారింది. సొంత దీపం పోయి పొరుగు దీపం వచ్చింది గనుక సమస్యకు మెలిక అక్కర్లేకపోయింది.

పెన్న ఒడ్డు:

*వానఁ దడిసి వచ్చె వసుదేవు చేతిలోఁ*
*గొత్త యింటి లోకిఁ గొడుకు గాఁగ*
*నల్లనయ్య, గాలి నందుని వాకిటి*
*దీప మార్ప నింట దివ్వె వెలిఁగె.*

ఒంగోలు మాస్టారు:

అబ్బా! ముసురు రాత్రి ఇల్లు మారిన పిల్లల్లో మొదట చెప్పుకోవాల్సింది ఆ పిల్లవాడినే. కానీ “తడిసి” కుదరదు. భాగవతం దశమస్కంధంలో ఆదిశేషుడు పడగలు విప్పి వాన అడ్డుకుంటూ వెంట నడిచాడు. ఇలా మార్చి చూడు:

*వానఁ దడవకుండ వసుదేవు చేతిలోఁ*
*గొత్త యిల్లు చేరెఁ గొడుకు గాఁగ*

పెన్న ఒడ్డు:

మార్చేస్తున్నా మాస్టారూ. నల్లని పిల్లవాడు దివ్వె కావడం ఒక్కటే పట్టుకున్నాను, పడగల సంగతి తోచలేదు.

నిర్వాహకుడు:

కరెంటు పోయాక ఇన్వర్టరు వెలిగిందన్న పూరణలు మూడు నాలుగు వచ్చాయి. గణాలు సరిగ్గానే ఉన్నాయి గానీ ఇన్వర్టరు దగ్గరే పద్యం ఆగిపోయింది. వాటిని ఇక్కడ పెట్టడం లేదు.

కందుకూరు చెల్లి:

*తెరలు లేని కిటికి; తెరపి యిచ్చెను వాన;*
*కార్తికంపు రేయి గాలి నిలిచె;*
*పాప నిదురపోయెఁ, బౌర్ణమి జాబిల్లి*
*దీప మార్ప నింట దివ్వె వెలిఁగె.*

పెన్న ఒడ్డు:

కార్తీక పౌర్ణమి అనగానే నాకు 2021 గుర్తొస్తుంది చెల్లీ. ఆ నవంబరులో పౌర్ణమి రోజుల్లోనే పెన్న మీది సోమశిల జలాశయం నుంచి నీళ్లు విరుచుకుపడ్డాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు సామాను మిద్దె మీదికి ఎక్కించుకున్నారు. ఆ రోజుల్లో మేం జాబిల్లి కోసం చూడలేదు, నీళ్ల మట్టం కోసం చూశాం.

కందుకూరు చెల్లి:

అవునన్నా, అది మరిచిపోయే ఏడాది కాదు. నాది ఆ ఏటి మాట కాదు. ఇంకా తెరలు కుట్టించుకోని కిటికీ, లైటు తీశాక పాప మొహం మీద పడిన వెన్నెల. అంతే రాశాను.

నిర్వాహకుడు:

“పా”కు “బౌ” యతి సరిపోయింది: ఆ, ఔ ఒకే వర్గం, ప, బ మైత్రి. తెరలు లేకపోవడం కొత్త ఇంటి లోటు. ఆ లోటే వెన్నెలకు దారి ఇచ్చింది. “తెర”, “తెరపి” పక్కపక్కన పడటమూ చెవికి హాయిగా ఉంది.

ఉదయగిరి తమ్ముడు:

*అట్ట పెట్టె లింక నట్టింట నున్నవి;*
*అమ్మ పటమె మొదట నమరె నచట;*
*పట్టనంత నవ్వు పటమున నుండఁగా*
*దీప మార్ప నింట దివ్వె వెలిఁగె.*

అమ్మ పోయి ఏడాది తిరగలేదు, ఈసారి మాకు పండగ లేదు. నెల్లూరు రొట్టెల పండగకు స్వర్ణాల చెరువులో దిగి, ఇల్లు కావాలని మొక్కుకుని సొంతింటి రొట్టె పట్టుకుంది ఆమే. ఇల్లు అమరితే తిరిగి రొట్టె వదలాలి గదా, ఆ మొక్కు నేను తీరుస్తాను.

కావలి కోడలు:

పద్యం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను తమ్ముడూ. అడగక తప్పదు గనుక అడుగుతున్నా: మొదటి పాదంలో “అ”కు “న” యతి ఎట్లా? నట్టింట్లో “న” ఆ మాటదే, సంధిలో వచ్చింది కాదు.

ఒంగోలు మాస్టారు:

నువ్వు పట్టుకున్నది నిజమే, అచ్చుకు అచ్చు కలిసే స్వరయతి కుదరదు. కానీ అట్ట, నట్టిం: రెండో అక్షరం “ట్ట” రెండు చోట్లా ఉంది, ముందు అక్షరాలు రెండూ గురువులే. ప్రాసయతి పడింది. రెండో పాదంలో “మొదట నమరె” వేరు. అక్కడ “న” సంధిలో వచ్చిన ద్రుతం, లోపల ఉన్నది “అ”. అందుకని స్వరయతే చెల్లింది. పక్కపక్క పాదాల్లో రెండు రకాల యతులూ చక్కగా కుదిరాయి.

నిర్వాహకుడు:

“అచట” ఒక్కటే నాకు కాస్త పలచగా అనిపిస్తోంది. పటం ఏ గోడకో, ఏ మూలనో తెలిస్తే పాదం బరువెక్కుతుంది. తమ్ముడూ, మూడు మాత్రల మాటే కావాలి, తొందర లేదు. సామాను సర్దుకున్నాకే పంపు.