జర్మనీలో ఇంటికప్పు సోలార్‌కి ఇంకా డబ్బులివ్వాలా, ఆపెయ్యాలా?

మూడో_అంతస్తు (ఫ్రాంక్‌ఫర్ట్):
2025 ఆగస్టులో ఇక్కడి ఆర్థిక వ్యవహారాలు, ఇంధన శాఖల మంత్రి కాథరీనా రైషే, కొత్తగా పెట్టే చిన్న సోలార్‌కి ఇక సాయం అక్కర్లేదన్నారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్లు కొన్నవాళ్లంతా ఆవిడ మీద విరుచుకుపడ్డారు. నాకైతే ఆవిడ మాటే సబబనిపిస్తోంది.

2000లో ఈఈజీ, అంటే పునరుత్పాదక ఇంధన చట్టం వచ్చింది. ఇంటి మీద తయారైన కరెంటు గ్రిడ్‌కి ఇస్తే 20 ఏళ్లపాటు ఒకటే రేటు. 2004లో ఆ రేటు యూనిట్‌కి 57 సెంట్ల దాకా పోయింది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? అందరి కరెంటు బిల్లుల్లోంచి. 2017లో నేను చదువుకోడానికి దిగినప్పుడు ఒక్క గదికి కట్టే బిల్లులో యూనిట్‌కి 6.88 సెంట్లు సోలార్, గాలిమరలు అన్నిటికీ కలిపి ఈ సర్‌ఛార్జే. సొంత ఇల్లున్నవాడి కప్పుకి కప్పే లేని నేను కట్టాను. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. 2022 జులైలో బిల్లులోంచి తీసేశారు గానీ ఇప్పుడు బడ్జెట్‌లోంచి ఇస్తున్నారు. అదీ మన పన్నే కదా.

ఎర్లాంగెన్_పెంకుటిల్లు:
ఇల్లు కొన్న పాపానికి జవాబు చెప్పక తప్పదు. 57 సెంట్ల వాళ్ల గడువు 2024తోనే అయిపోయింది. నాకొచ్చేది యూనిట్‌కి దాదాపు 8 సెంట్లు. అదే యూనిట్ రాత్రి కొనుక్కుంటే 38. ఇందులో దోచుకున్నది ఎవరు?

పోయినసారి సాయం కోసినప్పుడు ఏమైందో గుర్తుందా? 2010 నుంచి 2012 దాకా ఏటా 7,000 మెగావాట్ల పైన పెట్టారు. రేట్లు గబగబా కోసేసరికి 2014లో 2,000 కూడా దాటలేదు. చైనా పోటీ ఒకవైపు, ఇది ఒకవైపు. ఇక్కడి సోలార్ కంపెనీ క్యూ-సెల్స్ 2012లో దివాలా తీసి కొరియా వాళ్ల చేతికి పోయింది, 2017లో సోలార్‌వరల్డ్ వంతు. మళ్లీ ఊపందుకోడానికి పదేళ్లు పట్టింది. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం ఈ దేశానికి అలవాటే అనుకుంటా.

మూడో_అంతస్తు:
తెప్ప తగలెయ్యమనట్లేదండీ, దాటినవాళ్లని దిగమంటున్నా.

లైన్ల_మనిషి (లైప్‌జిగ్):
గ్రిడ్ పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట. మీరిద్దరూ సెంట్ల దగ్గరే ఆగిపోయారు. 2024లో 457 గంటలపాటు హోల్‌సేల్ మార్కెట్లో కరెంటు ధర సున్నా కన్నా కిందికి పోయింది. అంటే కరెంటు తీసుకుపొమ్మని ఎదురు డబ్బిచ్చారన్నమాట. మే నెల, ఆదివారం, మధ్యాహ్నం అనుకోండి. ఫ్యాక్టరీలు మూత, ఆకాశంలో మబ్బు లేదు. లక్షల కప్పుల మీంచి కరెంటు ఒకేసారి లైన్లోకి పడుతుంది. మార్కెట్లో ధర ఎంత పడినా ఆ ఇళ్లవాళ్లకి పట్టదు, వాళ్ల రేటు వాళ్లకి వస్తుంది.

బ్యాటరీ ఉంటే సరిపోతుందంటారు. చాలా ఇళ్లలో అది పొద్దున్నే నిండిపోయి కూర్చుంటుంది. సరిగ్గా పన్నెండింటికి, మాకు చోటు లేనప్పుడు, అంతా బయటికే. ఎండ ముదిరాక వడియాలు పెట్టాల్సింది పోయి తెల్లారగానే పెట్టేసి మధ్యాహ్నం చాప చుట్టేసినట్టు.

చలికాలం ఇంకో కథ. 2024 డిసెంబరు 12 సాయంత్రం గాలి లేదు, ఎండ ఎలాగూ లేదు. మెగావాట్-గంట 936 యూరోలకి పోయింది, అంటే యూనిట్ 93 సెంట్లు. అప్పటికి దేశమంతా కలిపి సోలార్ 1,00,000 మెగావాట్లకి దగ్గర్లో ఉంది. ఆ సాయంత్రం దాని వల్ల పైసా ఉపయోగం లేదు. 2030కల్లా 2,15,000 చేస్తామంటున్నారు.

అందుకే 2025 ఫిబ్రవరి 25 నుంచి రూలు మార్చారు. కొత్తగా పెట్టినవాళ్లకి, చిన్న ఇళ్లయితే స్మార్ట్ మీటర్ వచ్చాక, ధర సున్నా కిందున్న గంటల్లో డబ్బు రాదు, ఆ కాలాన్ని 20 ఏళ్ల చివర కలుపుతారు. స్మార్ట్ మీటర్ లేకపోతే సామర్థ్యంలో 60 శాతమే బయటికి పంపాలి. నా లెక్కలో ఇది సబ్సిడీ ఆపడం కన్నా తెలివైన పని.

ఎర్లాంగెన్_పెంకుటిల్లు:
ఒప్పుకుంటా. మా బ్యాటరీ కూడా పదకొండుకల్లా నిండిపోతుంది, నేనెప్పుడూ దాన్ని తప్పనుకోలేదు. స్మార్ట్ మీటర్ మాత్రం ఎత్తకండి. అడిగి ఎనిమిది నెలలు, మా ఏరియా కంపెనీ నుంచి "మీ దరఖాస్తు అందింది" అని రెండు ఉత్తరాలొచ్చాయి. రెండూ కాగితం మీదే, తపాలాలో.

ఓర్వకల్లు_కుర్రోడు (కర్నూలు):
జర్మనీ నేను చూల్లేదన్నా, మా జిల్లాలో సోలార్ పార్కు చూసినా. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్లు, 2017లో పూర్తయింది. 2015లో ఇక్కడి వేలంలో యూనిట్ 4 రూపాయల 63 పైసలకే వచ్చింది. ప్యానెళ్లు అంత చౌక ఎట్లయినాయి? మీరు ఆ రోజుల్లో ఎక్కువ రేటు పెట్టి కొంటే చైనావాళ్లు ఫ్యాక్టరీలు పెద్దవి చేసినారు, ధర దిగింది. మూడో అంతస్తు అన్న కట్టిన 6.88 సెంట్లలో కొంత ఆ పాత బాకీనే. అది యాడికీ పోలేదన్నా, కొంత మా రాళ్ల నేలలోకి వచ్చింది. మీ దగ్గర కిలోవాట్‌కి ఏడాదికి ఇంచుమించు 1,000 యూనిట్లు వస్తే మాకు 1,500. ఖర్చు మీది, ఎండ మాది!

మూడో_అంతస్తు:
తమ్ముడూ, ఈ మాట మా బిల్లు మీద రాసుంటే ఇంత ఏడ్చేవాణ్ణి కాదు.

ఎర్లాంగెన్_పెంకుటిల్లు:
మీరూ బాల్కనీకి ఒకటి తగిలించుకోవచ్చుగా? 2024 మే నుంచి 800 వాట్ల దాకా పర్మిషన్, సాకెట్‌లో పెట్టుకోవడమే. ఆ అక్టోబరు నుంచి సరైన కారణం లేకుండా ఓనరు కాదనడానికి కూడా లేదు. దేశంలో పది లక్షలు దాటాయి. వాటినుంచి గ్రిడ్‌కి పోయే కరెంటుకి మామూలుగా పైసా రాదు, అయినా జనం పెట్టుకుంటున్నారు.

మూడో_అంతస్తు:
మీ చివరి వాక్యం మంత్రిగారి మాటే కదండీ! ఇకపోతే మా బాల్కనీ ఉత్తరం వైపు. బట్టలే ఆరవు.

లైన్ల_మనిషి:
మీలాంటివాళ్ల కోసమే 2024లో ఇంకో దారి తెచ్చారు. అపార్ట్‌మెంట్ కప్పు మీద ప్యానెళ్లు పెట్టి ఆ కరెంటు అద్దెకున్నవాళ్లూ పంచుకోవచ్చు. ఎవరెంత వాడారో పావుగంటకోసారి కొలిచే మీటరు మాత్రం కావాలి.

మూడో_అంతస్తు:
అంటే మళ్లీ ఎర్లాంగెన్ గారి ఉత్తరాల దగ్గరికే వచ్చామన్నమాట. సరే, నా వాదన కొంచెం మార్చుకుంటున్నా. ఆ 8 సెంట్లు కొత్తవాళ్లకి ఆపండి, మిగిలిన డబ్బుతో ముందు మీటర్లు పెట్టించండి. పెంకుటిల్లు గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?