పిల్లలకు కోవిడ్ టీకా: అనుమతి ఆలస్యమైందా, తొందరపడ్డారా?

చిత్తూరు నాన్న:
మనవాళ్లు తాత్సారం చేశారనే నేనంటాను. 2021 ఆగస్టు 16న రాష్ట్రంలో బడులు తెరిచారు. పిల్లలకు సూది మొదలైంది 2022 జనవరి 3న, అదీ 15 ఏళ్లు దాటినవాళ్లకే. అన్ని నెలలు బిడ్డల్ని బడికి పంపి ఇంట్లో టెన్షన్‌తో కూర్చున్నాం. అమెరికాలో 2021 మేలోనే 12 ఏళ్ల పిల్లలకు ఫైజర్ వేశారు. మనకెందుకు కాలేదు?

మెడికల్ షాపు, పలమనేరు:
ఆలస్యం కాదన్నా, తొందరే. పిల్లల్లో కోవాక్సిన్ ట్రయల్‌కు తీసుకున్నది 525 మందిని. అంతమందిని చూసి కోట్లమందికి వేసేయొచ్చా? బ్రిటన్ టీకా కమిటీ కూడా 2021 సెప్టెంబరులో 12-15 ఏళ్ల పిల్లలందరికీ వేయమని చెప్పలేదు, లాభం కొంచెమే అని.

హైస్కూల్ టీచర్, తిరుపతి:
తమ్ముడూ, 525 అంటే ఎవరికైనా భయమే. కానీ టీకా జబ్బును ఆపుతుందా లేదా అన్నది అప్పటికే 25,800 మంది పెద్దల్లో చూశారు. పిల్లల్లో చూడాల్సింది, యాంటీబాడీలు పెద్దలకు వచ్చినంత వస్తున్నాయా, సూది ఒంటికి పడుతోందా అని. దానికి కొన్ని వందలమంది చాలు. ఎక్కడో అరుదుగా వచ్చే ఇబ్బంది మాత్రం అందులో దొరకదు, అది ఒప్పుకోవాల్సిందే. ఫైజర్ 12-15 ట్రయల్‌లో రెండువేలమందికి పైగా ఉన్నా, కుర్రాళ్లలో గుండె కండరం వాపు సంగతి లక్షలమందికి వేశాకే తేలింది. ఇక బ్రిటన్‌లో ఆ పది రోజులకే ప్రధాన వైద్యాధికారులు చదువు నష్టం కూడా లెక్కేసి ఒక డోసు వేయమన్నారు.

చిత్తూరు సార్, 2021 అక్టోబరు 12న నిపుణుల కమిటీ 2-18 ఏళ్లవాళ్లకు సరేనంది. ఔషధ నియంత్రణ అధికారి డిసెంబరు చివర్లో 12 దాటినవాళ్లకే అనుమతిచ్చారు. ఆ రెండు నెలల మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా ఆ తర్వాతి దాని మీద. అనుమతి 12 నుంచి ఉంటే, వేసింది 2007లోనో అంతకుముందో పుట్టినవాళ్లకు! మా తొమ్మిదో తరగతిలో ఒకే బెంచీ మీద ఇద్దరమ్మాయిలు. ఒకరిది 2007 డిసెంబరు, ఇంకొకరిది 2008 జనవరి. వరండాలో ఏఎన్ఎం ఆధార్ చూసి మొదటి పాపకు వేసి అరగంట కూర్చోబెట్టింది. రెండో పాప చొక్కా చెయ్యి పైకి మడుచుకుని వరుసలో నిలబడితే, "నువ్వు కాదమ్మా" అని క్లాసుకు పంపేసింది. ఆ పాప మార్చి 16 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పుడు వేసిందీ వేరే టీకా, కార్బెవాక్స్. ఎందుకిలా అని వాళ్లమ్మ అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు.

మెడికల్ షాపు, పలమనేరు:
సరే అక్కా. చిన్నపిల్లలకు అసలు వేయనే లేదు కదా. ఏం మునిగింది?

హైస్కూల్ టీచర్, తిరుపతి:
మునిగిందని నేననట్లేదు. 2022 ఏప్రిల్ 26న 6-12 ఏళ్లకు కోవాక్సిన్, 5-12కు కార్బెవాక్స్ అనుమతి వచ్చింది. ప్రభుత్వ కార్యక్రమంలో ఆ వయసువాళ్లకు వేయలేదు. ఒమిక్రాన్ అప్పటికే ఊరంతా తిరిగింది, ఇక అక్కర్లేదనుకుంటే అది సరైన నిర్ణయమే కావచ్చు. ఆ మాట ఊరూరా తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పాలా వద్దా? మా బడిలో కొందరు "ఏదో ప్రమాదం ఉండే ఆపారు" అనుకున్నారు. ఇప్పుడు పదహారేళ్లవాళ్లకు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) సూదికి కూడా "అది కోవిడ్‌దేనా మేడమ్" అని అడిగి, సంతకం పెట్టకుండా కాగితం వెనక్కి పంపుతున్నారు. సార్, ఏ వయసుకు ఎందుకు వేశారో, ఎందుకు ఆపారో తెలుగులో రాసి ప్రతి సచివాలయంలో అంటించమని కలెక్టర్‌కు అర్జీ పెడదామా? మొదటి సంతకం నాది.