శాట్‌కి ఏ గైడ్ కొనాలి? (పదకొండో తరగతిలో చేరిన అబ్బాయికి)

అందరికీ నమస్కారం. మేము అమెరికా వచ్చి రెండు నెలలైంది. మా అబ్బాయి ఇక్కడ పదకొండో తరగతిలో చేరాడు. మాథ్స్ బాగా చేస్తాడు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. షాపులో శాట్ (ఇక్కడి కాలేజీ అడ్మిషన్లకి రాసే పరీక్ష) గైడ్లు అరల నిండా ఉన్నాయి, ఏది తీసుకోవాలో తెలియక ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఒక మంచి పుస్తకం పేరు చెప్తారా?

జవాబు:

నమస్కారమండీ. ఇద్దరు పిల్లల్ని ఈ పరీక్షకి కూర్చోబెట్టినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఈ వారం ఏమీ కొనకండి. బాబు లాప్‌టాప్‌లో బ్లూబుక్ యాప్ వేయించండి. పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ వాళ్లదే అది, ఉచితం, అసలు పరీక్ష కూడా అందులోనే రాస్తారు. శనివారం పొద్దున్నే ఫోన్ తీసి పక్కన పెట్టించి ఒక పూర్తి ప్రాక్టీస్ టెస్ట్ రాయించండి, 2 గంటల 14 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాల బ్రేక్. ఎక్కడ తప్పులు పోతున్నాయో చూశాక గానీ ఎలాంటి గైడ్ కావాలో తెలియదు.

కొనేటప్పుడు మొదట డిజిటల్ శాట్‌కి రాసినదేనా అని చూసుకోండి. ఇక్కడ 2024 మార్చి నుంచి పరీక్ష కంప్యూటర్ మీదకి మారింది. పాత పుస్తకాల్లో పేజీ పొడవు పాసేజ్, దాని కింద పది ప్రశ్నలు ఉంటాయి. ఇప్పుడు పాసేజ్ 150 పదాలు దాటదు, ఒక్కోదానికి ఒక్కటే ప్రశ్న. మా పెద్దమ్మాయికి తెలిసినవాళ్లు ప్రేమగా అట్టపెట్టె నిండా పాత గైడ్లు ఇచ్చారు. అందులో ఒకటి 2016కి ముందుది, తప్పు జవాబుకి పావు మార్కు కోసే రోజులది. అది చదివి తను తెలియని బిట్లు వదిలేయడం అలవాటు చేసుకుంది, ప్రాక్టీస్ టెస్ట్‌లో ఆరు ఖాళీలు చూసేదాకా నాకు తెలియనే లేదు. ఇప్పుడు నెగెటివ్ మార్కులు లేవండీ. మీ బాబు అక్కడ జేఈఈ కోచింగ్‌కి వెళ్లి ఉంటే ఇదే అలవాటు ఉండొచ్చు, గట్టిగా చెప్పండి, ఒక్క బిట్ కూడా వదలకూడదు.

ఇక అసలు విషయం. గైడ్ చేతికి తీసుకోగానే ముందు పేజీలు వదిలేసి, వెనక జవాబులకి వివరణలు ఎలా రాశారో చదవండి. మన పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో చదివినా కామాకీ సెమికోలన్‌కీ తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, ఈ పరీక్షలో మాత్రం అది పదే పదే వస్తుంది. "ద బస్ వాజ్ లేట్, వుయ్ వాక్‌డ్ హోమ్" లాంటి వాక్యం ఉందనుకోండి. చేతకాని గైడ్ "సి సరైనది, మిగతావి వ్యాకరణ దోషాలు" అని ఊరుకుంటుంది. మంచి గైడ్ అయితే కామాకి ముందున్నది పూర్తి వాక్యం, తర్వాతదీ పూర్తి వాక్యమే, రెండిటినీ ఉత్త కామాతో అతికించకూడదు, ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పెట్టాలి, లేదా కామా తర్వాత "అండ్", "సో" లాంటిది రావాలి అని చెప్పి, తప్పు ఆప్షన్లు ఒక్కోటీ ఎందుకు తప్పో కూడా రాస్తుంది. మా చిన్నాడు రైటింగ్‌లో బాగుపడింది అలాంటి వివరణలు చదివే. ఉత్త కీ ఉన్న పుస్తకం ఎన్ని వందల బిట్లు ఇచ్చినా, ఎంత చవకైనా వద్దు.

మాథ్స్ బాగా వచ్చన్నారు కాబట్టి ఆ భాగానికి లావుపాటి పుస్తకం అక్కర్లేదు. కానీ 44 ప్రశ్నల్లో నాలుగో వంతు దాకా ఆప్షన్లు ఉండవు, జవాబు తనే టైప్ చేయాలి, అక్కడ లెక్క వచ్చిన పిల్లలే మార్కులు పోగొట్టుకుంటారు. జవాబు 2/3 అయితే 2/3 అనే కొట్టొచ్చు, 0.667 అన్నా తీసుకుంటారు, 0.67 అంటే తప్పే. మూడున్నరని 3 1/2 అని కొడితే 31/2గా చదువుకుంటుంది, 7/2 అనో 3.5 అనో రాయాలి. ఈ సంగతీ, యాప్‌లోనే ఉండే డెస్మోస్ కాల్‌క్యులేటర్ వాడకమూ బొమ్మలతో చూపించిన గైడ్ అయితే పనికొస్తుంది. చేత్తో చేయడం గొప్ప అని పెరిగిన పిల్లలు దాన్ని ముట్టుకోరు, ఒక్కో మాడ్యూల్‌లో, అంటే సెక్షన్‌లో సగంలో, 35 నిమిషాల్లో 22 లెక్కలంటే మాత్రం అది కావాలండీ.

వేల పదాల లిస్టులున్న పుస్తకాలు బట్టీ పట్టించకండి. వాక్యంలో ఆ పదం ఏ అర్థంలో వచ్చిందన్నదే అడుగుతారు.

తిరిగి ప్రశ్న:

చాలా థాంక్సండీ, టెన్షన్ సగం తగ్గింది. రెండు మూడు గైడ్లు కొంటే మంచిదా? అసలు శాట్ తప్పనిసరేనా?

జవాబు:

ఒక్కటి చాలు, అది కూడా ముందు ఊరి లైబ్రరీలో తెచ్చుకుని చూడండి, కార్డు ఉచితమే. బిట్లకి కొదవ లేదు, కాలేజ్ బోర్డ్ క్వశ్చన్ బ్యాంక్‌లోనూ ఖాన్ అకాడమీ వెబ్‌సైట్‌లోనూ కావలసినన్ని ఉచితంగా ఉన్నాయి. బ్లూబుక్‌లోని పూర్తి టెస్టులు మాత్రం ఒకేసారి అవగొట్టేయకుండా రెండు మూడు వారాలకొకటి రాయించండి. ఒక్కో సెక్షన్‌లో మొదటి మాడ్యూల్ ఎలా రాశాడో చూసి యాప్ రెండోది కష్టంగానో తేలికగానో ఇస్తుంది, కాగితం పుస్తకానికి ఆ పని చేతకాదు. తప్పు పోయిన ప్రతి బిట్‌కీ ఎందుకు పోయిందో ఒక నోట్‌బుక్‌లో తన మాటల్లో రాయమనండి, మా ఇంట్లో ఆ నోట్‌బుక్కే చివరికి గైడ్ అయింది.

తప్పనిసరా అంటే కాలేజీని బట్టి. ఎంఐటీ అడుగుతుంది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లు అడ్మిషన్‌కి స్కోరు చూడనే చూడరు. బాబు అనుకుంటున్న కాలేజీల వెబ్‌సైట్లు ఒక్కోటీ తెరిచి చూసుకోండి. శనివారం టెస్ట్ అయ్యాక రెండు సెక్షన్ల (రీడింగ్-రైటింగ్, మాథ్స్) స్కోర్లూ ఇక్కడ రాయండి, ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.