ఓట్లు వేయించే మాస్టారు ఓటు అడగకూడదా?

చర్చాంశం: ప్రభుత్వ ఉపాధ్యాయులు రాజీనామా చేయకుండా, జీతం లేని సెలవు మీద లోక్‌సభకు పోటీ చేసే వీలు కల్పించాలా?

ఉట్నూరు ఉపాధ్యాయుడు:
2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎస్టీ రిజర్వుడు స్థానమైన ఆదిలాబాద్ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడిన ఆత్రం సుగుణ గారు అప్పటిదాకా ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. ఉద్యోగం వదులుకుని బరిలోకి దిగిన ఆమె సుమారు 90 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆమెపై గెలిచిన బీజేపీ అభ్యర్థి గోడం నగేష్ గారు కూడా రాజకీయాల్లోకి రాకముందు ఉపాధ్యాయులే కావడం విశేషం. ఇక్కడ ఎవరు గెలవాల్సిందన్నది నా ప్రశ్న కాదు. ఓడిన వకీలు మర్నాడు నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్తాడు, ఓడిన వ్యాపారి దుకాణం తెరుస్తాడు, ఓడిన ప్రభుత్వ ఉపాధ్యాయుడికి మాత్రం తిరిగి వెళ్ళడానికి బడి ఉండదు. ఊరి పిల్లల చదువు గురించి ఇరవై ఏళ్ళు పోరాడిన మనిషికి ఈ షరతు న్యాయమేనా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ:
న్యాయమే అని నా అభిప్రాయం. రాజ్యాంగం 102వ అధికరణ ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు పార్లమెంటు సభ్యత్వానికి అనర్హులు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి కూడా ఉద్యోగులను రాజకీయాలకు దూరంగా ఉండమంటుంది. చట్టం సంగతి అటుంచి, పోలింగ్ కేంద్రం సంగతి చెబుతాను. నేను చాలాసార్లు పి.ఓ.గా, అంటే పోలింగ్ కేంద్రాన్ని నడిపే ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. ఏడు గంటలకు పోలింగ్ అంటే ఐదున్నరకే అభ్యర్థుల ఏజెంట్లను ఎదురుగా కూర్చోబెట్టి, కనీసం 50 ఓట్లు మాక్ పోల్ (నమూనా ఓటింగ్) చేయించి, ఈవీఎం కంట్రోల్ యూనిట్‌లో లెక్క చూపించి, దాన్ని క్లియర్ చేసి, వాళ్ళ సంతకాలతో సీలు వేయాలి. సాయంత్రం, ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసే 17సి ఫారం నకళ్ళు వాళ్ళ చేతికివ్వాలి. బద్ధ శత్రువులైన రెండు పార్టీల ఏజెంట్లు కూడా ఆ కాగితాన్ని నమ్మి ఇంటికి వెళ్తున్నారంటే, రాసిన మాస్టారు ఏ పార్టీవాడూ కాదన్న భరోసాతోనే. అందుకే ప్రభుత్వోద్యోగి ఒక అభ్యర్థికి పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే మూడు నెలల దాకా జైలు అని ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఎ సెక్షన్ చెబుతోంది. ఏజెంటుగానే కూర్చోకూడని మనిషి అభ్యర్థి ఎలా అవుతాడు?

ఒక తల్లి, పాడేరు:
మా పిల్లలది ఏకోపాధ్యాయ పాఠశాల. మాస్టారు నాలుగు రోజులు శిక్షణకు వెళ్తేనే బడికి తాళం పడుతుంది. గెలిచి ఐదేళ్ళు ఢిల్లీలో ఉండి, ఇక్కడ పోస్టు మాత్రం ఆయన పేరుతోనే ఉంటే, ఆ ఖాళీలోకి ఇంకొకరిని వేస్తారా? 2019లో మా అరకు స్థానంలో గొడ్డేటి మాధవి గారు వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసి వచ్చి, కేంద్ర మంత్రిగా చేసిన కిశోర్ చంద్రదేవ్ గారి మీద రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో నెగ్గారు. ఉద్యోగం పోతుందన్న భయం ఆవిడను ఆపలేదు కదా.

ఎస్జీటీ, డీఎస్సీ 2008:
అమ్మా, నేను డీఎస్సీ అనే ఉపాధ్యాయ నియామక పరీక్ష నెగ్గి ఎస్జీటీగా, అంటే ప్రాథమిక పాఠశాల టీచరుగా చేరాను. పెద్ద పార్టీ టికెట్టు చేతిలో ఉన్నవారి మాట వేరు. ఏ పార్టీ పిలవని ఉపాధ్యాయుడి లెక్క వినండి. లోక్‌సభ డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 12,500. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది పోతుంది, పోనివ్వండి. పోతే తిరిగిరానిది ఉద్యోగం. స్వచ్ఛంద పదవీ విరమణకు ఇరవై ఏళ్ళ సర్వీసు కావాలి, మా డీఎస్సీ వాళ్ళకు 2024 ఎన్నికల నాటికి అంత లేదు. పైగా 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మాది సీపీఎస్, అంటే జీతంలోంచి కోసే చందాతో నడిచే పింఛను పథకం, పాత పింఛను ఆసరా కూడా లేదు. అలాంటప్పుడు సీనియర్లకూ స్థితిమంతులకూ తప్ప పోటీ చేసే ధైర్యం ఎవరికి వస్తుంది?

ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానాలు ఉన్నాయి కదా అని కొందరు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐదు, తెలంగాణలో మూడు ఉన్నాయి. కానీ 171వ అధికరణ ప్రకారం అక్కడ ఓటు హైస్కూలు, ఆపై స్థాయి ఉపాధ్యాయులకే. ప్రాథమిక పాఠశాలలో అక్షరాలు దిద్దించే ఎస్జీటీకి ఆ ఓటే లేదు! మరోవైపు, అదే శాసనమండలిలో పట్టభద్రుల స్థానానికి పోటీ చేసే వ్యక్తి పట్టభద్రుడై ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 1972లోనే తేల్చింది. ప్రైవేటు విద్యాసంస్థల అధిపతి మల్లారెడ్డి గారు 2014లో మల్కాజిగిరి నుంచి లోక్‌సభకు వెళ్ళినప్పుడు సంస్థలు వదులుకోమని ఎవరూ అనలేదు. చదువు చెప్పించేవారికి లేని అడ్డు చదువు చెప్పేవారికి ఎందుకు?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ:
సీపీఎస్ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. మా తరానికి పింఛను ఉండేది. నా మాట కొంత సవరించుకుంటాను. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా జీతం లేని సెలవు ఇవ్వవచ్చు. గెలిస్తే మాత్రం రాజీనామా చేసి తీరాలి, అప్పుడు పాడేరు తల్లిగారి బడికి కొత్తవారు వస్తారు. దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కరలేదు. ఏ పదవి అనర్హత కిందికి రాదో చట్టంతో ప్రకటించే అధికారం పార్లమెంటుకు 102వ అధికరణే ఇచ్చింది, 1959 నాటి అనర్హతల నివారణ చట్టం అందుకోసమే ఉంది. దానితో పాటు రాష్ట్రాల ప్రవర్తనా నియమాలనూ మార్చుకోవాలి. అయితే ఓడి తిరిగి వచ్చిన మాస్టారు అదే ఊళ్ళో, తనకు ఓటు వేయని ఇంటి పిల్లవాడికి మార్కులు వేయకూడదు. వేరే జిల్లాకు పంపాలి.

ఎస్జీటీ, డీఎస్సీ 2008:
మాస్టారూ, మాది జిల్లా కేడరు. జిల్లా మారిస్తే సీనియారిటీలో అట్టడుగుకు వెళ్తాం. అది ఇంకో పేరుతో శిక్షే. మండలం మారిస్తే చాలదా?

ఉట్నూరు ఉపాధ్యాయుడు:
మండలం మార్పుకు నేనూ ఒప్పుకుంటాను. ఇంకో షరతు కూడా చేర్చండి: ఒకసారి పార్టీ గుర్తు మీద పోటీ చేసి వచ్చిన ఉపాధ్యాయుడికి మళ్ళీ ఎన్నికల డ్యూటీ వేయకూడదు. పెద్దాయన చెప్పిన 17సి ఫారం మీద నమ్మకం నిలుస్తుంది. అయితే, ఎండాకాలంలో డిస్ట్రిబ్యూషన్ సెంటర్ దగ్గర ఈవీఎం పెట్టెతో బస్సు కోసం నిలబడ్డ మనవాళ్ళలో ఎందరు ఆ ఒక్క వెసులుబాటు కోసం నామినేషన్ వేస్తారో మాత్రం చెప్పలేను.